గేటు దాటాక నడక

ఐదారేళ్లుగా ఎవరూ ఒక్క ముక్క రాయని మా బ్యాండు వాట్సాప్ గ్రూపులో మొన్న శనివారం పొద్దున కిరణ్ రెండు మాటలు పెట్టాడు. "మాస్టారు పోయారు."

నేను అప్పుడు గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ ముందు కూరగాయల బండి దగ్గర ఉన్నాను. బండి అతను బెండకాయలు తూచి సంచి తెరవమంటున్నాడట, నాకు వినపడలేదు. "ఏందక్కా, ఏమైంది?" అన్నాడు. డ్రమ్స్ వాయించే ఒకాయన పోయారని చెప్పాను. "మీకేమైతడు?" అని అడిగాడు. డబ్బులిచ్చాను. సంచి తీసుకుని పైకి వచ్చేశాను.

కిరణ్, నేను మాదాపూర్‌లో ఒకే కంపెనీలో, ఒకే అంతస్తులో పనిచేసేవాళ్లం. అతనిది రాజమండ్రి. గిటార్ వాయిస్తూ పాడేవాడు. నాది ప్రొద్దుటూరు. కాలేజీలో ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయిందని బేస్ గిటార్ పట్టుకున్నాను, తర్వాత దాన్ని వదలలేదు. డ్రమ్స్ వాయించే మా సహోద్యోగికి పుణెకు బదిలీ అయితే, సంగీత వాద్యాలు బాగుచేసే షాపతను మాకు ఈయన సంగతి చెప్పాడు. "బాలానగర్‌ల ఉంటడు. లేత్ షాపుల పని, దాని మీది రూముల డ్రమ్స్ కొడ్తడు. మనిషి జర తిక్కల్నే గని, చెయ్యి మంచిది" అన్నాడు.

లేత్ షాపు పక్కనుంచి ఇనుప మెట్లు. పైన రేకుల గది. మేము వెళ్లేసరికి ఆయన టిఫిన్ డబ్బా కడిగి బోర్లిస్తున్నాడు. యాభై దాటిన మనిషి, బక్కపల్చగా ఉన్నాడు. కింద మిషన్ మీద పనిచేసి వచ్చినా చొక్కా ప్యాంటులో దోపుకునే ఉంది. జేబులో పెన్ను. మమ్మల్ని చూసి ఎవరు, ఏమిటి అనలేదు. కిరణ్‌ను ఒకచోట నిలబెట్టాడు. నన్ను చూసి, "నువ్వు నా కుడి దిక్కు నిలబడు చెల్లె" అన్నాడు. చేతి గడియారం విప్పి టిఫిన్ డబ్బాలో వేసి మూతపెట్టాడు. చెప్పులు విప్పి, ఉత్త కాళ్లతో డ్రమ్స్ వెనక కూర్చున్నాడు.

పాట మొదలుపెట్టే ముందు డ్రమ్మర్లు ఒకటి నుంచి నాలుగు దాకా పైకి లెక్కపెడతారు. ఆయన "ఏక్, దో" అని ఊరుకునేవాడు. మొదటి రోజు కిరణ్, నేను తెల్లమొహాలు వేసి నిలబడిపోయాం. "మిగిలిన రెండు మీ లోపల లెక్కపెట్టుకోండ్రి. నేనే మొత్తం లెక్కపెడితె మీరెందుకు?" అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా మూడు, నాలుగు ఆయన నోట వినలేదు.

మేము వాయిస్తున్నంత సేపూ మా మొహాలకేసి చూసేవాడు కాదు. భుజాలకేసి చూసేవాడు. కిరణ్ పాడే ముందు ఊపిరి తీసుకుంటే భుజం లేస్తుందనీ, ఎంత లేచిందో చూస్తే ఎంత పొడుగు మాట రాబోతోందో తెలిసిపోతుందనీ ఒకసారి చెప్పాడు. "గురువుగారూ, నా భుజం నాకే తెలీదండీ" అని కిరణ్ నవ్వాడు. నన్ను మాత్రం ఆ రోజు నుంచి నా భుజాలు తెగ ఇబ్బంది పెట్టాయి.

ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నతో పెళ్లిళ్ల బ్యాండులో తిరిగాడు. రాక్ పాటలు తర్వాతెప్పుడో క్యాసెట్లలో విని నేర్చుకున్నాడు. టెంపో అన్న మాట వాడేవాడు కాదు, నడక అనేవాడు. "బరాత్‌ల గుర్రం నడకను చూసి కొట్టాలె. పెండ్లిపిల్ల ఇల్లు దగ్గరికొస్తుంటే పిలగాని దోస్తులు ముందటికి పోనియ్యరు, ఇంకో పాట ఇంకో పాట అంటరు. అప్పుడు మా నాయిన నడక తగ్గిస్తుండె. ఎవ్వరికీ తెల్వకుండ తగ్గిస్తుండె. గుర్రానికి ఒక్కదానికే తెలుస్తుండె." ఇది ఎన్నిసార్లు చెప్పినా చివర ఒకేలా నవ్వేవాడు.

మాకు సొంతంగా ఒక పాట ఉండేది. మాటలు నావి. మా టీమ్‌లో ఒకతన్ని ఒక మంగళవారం మధ్యాహ్నం పిలిచి, ఉద్యోగం లేదని చెప్పి, మెడలో కార్డు తీయించి పంపేశారు. నేను నాలుగో అంతస్తు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. వీపుకు బ్యాగు, చేతిలో మొక్క ఉన్న చిన్న కుండీ. గేటు దాటాడు. అంతే. ఆ పాట పొద్దున్నే ఆఫీసుకు వచ్చే హుషారుతో మొదలై, గేటు దగ్గరికి వచ్చేసరికి బాగా నెమ్మదించేది. అక్కడ కిరణ్ గొంతు తగ్గించి, కళ్లు మూసుకుని పాడేవాడు. విన్నవాళ్లందరూ బాగుందన్నారు.

ఆయన రెండుసార్లు మాతో వాయించి డ్రమ్స్ పుల్లలు పక్కన పెట్టాడు.

"జర ఉండుండ్రి. గీడ ఎందుకు నెమ్మదైంది?"

"అతన్ని పంపేశారు కదండీ మాస్టారూ. బాధలో ఉన్నాడు. నెమ్మదిగా నడుస్తాడు" అన్నాడు కిరణ్.

"ఎవరు చెప్పిన్రు?"

నేను చూశానని చెప్పాను.

"ఏడికెల్లి చూసినవ్?"

"పైనుంచి అన్నా, కిటికీలోంచి."

"గందుకే" అన్నాడు. లేచి వచ్చి గదిలో ఉన్న కాస్త చోటులో నిలబడ్డాడు. చెప్పడానికి కొంచెం వెనకాడాడనుకుంటాను, ఎందుకంటే చేతులు రెండూ చొక్కాకు తుడుచుకున్నాడు. "మా ఫ్యాక్టరీ మూసిన దినం నేను గిదే బాలానగర్‌ల గేటు బయటికొచ్చిన. ఇరవై ఏండ్లు రేకులు గుద్దే ప్రెస్ మిషన్ మీద చేసిన. చేతిల డబ్బా. ఎదురుంగ చాయ్ హోటల్, అందరు నన్ను గుర్తుపట్టెటోల్లే. నేను నెమ్మది నడుస్తనా? జోరుగ నడిచిన. ఏదో అర్జంట్ పనున్నోని లెక్క. వాల్లు చూస్తుండంగ ఎంత జోరు నడిచిన్నంటే, డబ్బాల చెంచా గలగలమని కొట్టుకుంటున్నది."

మా ముందు నడిచి చూపించాడు. మూడడుగుల జాగా. గోడ దాకా వచ్చి తిరిగాడు.

"మూల మీద తిరిగిన. అక్కడ నన్ను చూసెటోల్లు ఎవ్వరు లేరు. అప్పుడు కాల్లు నా మాట వినలే. నెమ్మది ఆడ మొదలైతది. గేటు కాడ గాదు."

నాకు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. నిజమే. అతను గేటు దాటుతున్నప్పుడు వేగంగానే నడిచాడు. కుండీలోని మొక్క ఊగుతూ ఉండింది. నేనే దాన్ని నెమ్మదిగా గుర్తుపెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి పాట మారిపోయింది. గేటు దగ్గర ఆయన వేగం పెంచేవాడు, ఒక్కసారిగా కాదు, మాటకు మాటకు కొంచెం కొంచెంగా. నా వేళ్లు అందుకోలేక మంటపుట్టేవి. కిరణ్ మాటలు ఒకదాని మీద ఒకటి పడి, సిగ్గుపడ్డ మనిషి తడబాటులా వినపడేవి. ఆ తర్వాత మూల. దెబ్బకూ దెబ్బకూ మధ్య జాగా పెరుగుతూ పోయేది. చివరికి ఒక దెబ్బ దగ్గర పుల్ల గాల్లోకి ఎత్తి ఆపేవాడు. తర్వాతది ఎప్పుడు పడుతుందో మాకు తెలిసేది కాదు. ఆ చేతికేసి చూస్తూ నిలబడేవాళ్లం. అప్పుడు మళ్లీ మొదలయ్యేది, పాత హుషారులో కాదు, ఈ నెమ్మదిలోనూ కాదు, మధ్యలో ఇంకో నడకలో. "ఇంటికైతె పోవాలె గద. ఏదో ఒక నడక దొరుకుతది" అనేవాడు.

ఐటీ కంపెనీల బ్యాండులకు మాదాపూర్‌లో ఒక పోటీ పెట్టారు. చివరి ఆరు బ్యాండుల్లో మేమూ ఉన్నాం. పోటీకి వారం ముందు నిర్వాహకుడు కిరణ్‌కు ఫోన్ చేశాడు. వేదిక వెనక పెద్ద తెర ఉంటుంది, పాటతో పాటు బొమ్మలూ లైట్లూ కదులుతాయి, కాబట్టి అందరూ క్లిక్ మీదే వాయించాలి అన్నాడు. క్లిక్ అంటే డ్రమ్మర్ చెవిలో ఆగకుండా ఒకే వేగంతో టిక్ టిక్‌మనే చప్పుడు. దాని వేగం ఎంతో ముందే చెప్పేయాలి, మధ్యలో మారకూడదు.

ఆయన విని, "నాతోని గాదు" అన్నాడు.

"ఒక్కసారే కదా మాస్టారూ. సర్దుకోండి" అన్నాడు కిరణ్.

"చెవిల అది పెట్టుకొని నేను కొట్టలేను బాబూ."

కిరణ్ బతిమాలాడు. ఆయన తల అడ్డంగా ఊపాడే తప్ప కారణం చెప్పలేదు. మెట్లు దిగుతూ కిరణ్ కోపంగా, "ఇంత పంతం అయితే ఎలాగ? మెషిన్ డ్రమ్స్ పెట్టేద్దాం. నువ్వే చెప్పు, నీ మాటైతే వింటారు" అన్నాడు. వద్దని నేను గట్టిగా అనలేదు. ఇప్పటికీ నన్ను గుచ్చేది అదే. పెద్ద వేదిక మీద నిలబడాలన్న ఆశ నాకూ ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్ బయట నిలబడి ఫోన్ చేశాను. చెప్పింది ఆయనకు సరిగ్గా అర్థం కాక మళ్లీ మళ్లీ అడిగాడు. ఆ మాటే మూడుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా చెప్పాల్సొచ్చింది. "అన్నా, మేము మెషిన్ పెట్టుకుంటున్నాం." పక్కన కాఫీ తాగుతున్నవాళ్లు తిరిగి చూశారు.

"మంచిది చెల్లె" అన్నాడు చివరికి. "పాట అయితే ఆపకుండ్రి."

పోటీ ఆదివారం సాయంత్రం. తెర మీద గేటు, రోడ్డు, మనిషి నీడ అన్నీ అందంగా వచ్చాయి. పాట మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంలో సాగిపోయింది. గేటూ అంతే, మూలా అంతే. రెండో బహుమతి ఇచ్చారు. దిగి వస్తుంటే పక్క మెట్ల దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, బూట్లు. ఆయన్ను బూట్లలో చూడటం నాకదే మొదటిసారి. కిరణ్ ఫోటోల కోసం వెళ్లిపోయాడు. నేను ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"మంచిగ చేసిన్రు" అన్నాడు. కొంచెం ఆగి, "మూల కాడ నువ్వు ఒక్కదానివి ఆగాలని చూసినవ్. నీ భుజం ఆగింది. నేను చూసిన" అన్నాడు.

నేను తల దించుకున్నాను. మళ్లీ తలెత్తేసరికి ఆయన గుంపులోంచి దారి చేసుకుని తలుపు దగ్గరికి వెళ్లిపోయాడు.

మూడు వారాలు పోలేకపోయాను. నాలుగో వారం సెలవు పెట్టి బాలానగర్ వెళ్లాను. కింద షాపులో ఆయన మిషన్ దగ్గర ఉన్నాడు, వీపు నాకేసి. ఎడమ వైపు నిలబడి "అన్నా" అన్నాను. మిషన్ ఆగి ఉంది, చప్పుడేమీ లేదు. మళ్లీ పిలిచాను. నాలుగోసారికి కూడా తిరగలేదు. కోపం ఇంకా పోలేదనుకున్నాను. వెనక్కి వెళ్లిపోదామని తిరిగాను కూడా.

పక్క మిషన్ మీద ఉన్న పెద్దాయన, "ఆ దిక్కుకెల్లి పిలిస్తె ఎట్ల ఇనపడ్తది మేడం? ఆ చెవి ఎన్నడో పోయింది. ఇటు దిక్కుకు రా" అన్నాడు.

నేను కుడి వైపుకు నడిచాను. కుడి వైపు నిలబడమనడం, ప్రాక్టీసు అయ్యాక చాయ్ హోటల్లో ఎప్పుడూ గోడ పక్కన కూర్చుని ఎడమ భుజం గోడకు ఆనించడం, భుజాలకేసి చూడటం, ఫోన్‌లో మూడుసార్లు అడగడం. నాలుగేళ్లు ఆయన పక్కన నిలబడి ఇవన్నీ తిక్క అనుకున్నాం.

చాయ్ హోటల్లో కూర్చున్నాక అడిగాను. "ముందే ఎందుకు చెప్పలేదన్నా?"

"ప్రెస్ కాడ ఇరవై ఏండ్లు. చప్పుడుకు పోయింది. ఏం చెప్పాలె? చెవిటోడు డ్రమ్స్ కొడ్తడంటే నువ్వు ఆ మెట్లెక్కేదానివా?"

ఎక్కేదాన్ని అని అనబోయాను. అది అబద్ధం.

"ఆ టిక్ టిక్ నేను ఇంట్ల చేసి చూసిన చెల్లె, చెయ్యలేదనుకోకు. ఫోన్‌ల పెట్టుకొని వారమంత చూసిన. కుడి చెవిల పెడితె మీరు ఇనపడరు. ఎడమ చెవిల పెడితె అదే ఇనపడది. దాన్ని ఇనాల్నా, మిమ్మల్ని ఇనాల్నా?" సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకున్నాడు. "మిమ్మల్నే ఇందామనుకున్న. తప్పైతె తప్పాయె."

ఆ సాయంత్రమే కిరణ్‌కు చెప్పాను. అతను ఇంకోసారి మొత్తం చెప్పించుకున్నాడు. తర్వాత, "ఆదివారం లేత్ షాపు మూసి ఉంటుందా?" అని అడిగాడు.

ఆదివారం పొద్దున్నే రికార్డింగ్ సామాను మోసుకుని ఇనుప మెట్లెక్కాం. కిరణ్ తనంతట తానే వెళ్లి ఆయనకు కుడి వైపున నిలబడ్డాడు. "మాస్టారూ, క్షమించండి" అన్నాడు. ఆయన వినపడనట్టు పుల్లలు సర్దుకున్నాడు. నిజంగా వినపడలేదో, అలా నటించాడో నేను చెప్పలేను. గడియారం విప్పి డబ్బాలో వేశాడు. "ఏక్, దో" అన్నాడు.

ఒక్కసారే వాయించాం. మూల దగ్గర ఆయన ఎప్పటికంటే ఎక్కువసేపు చెయ్యి ఎత్తి ఆపాడు. గదిలో ఫ్యాన్ చప్పుడు, బయట ఎవరో ఆటో స్టార్ట్ చేసిన చప్పుడు వచ్చాయి. కిరణ్ కళ్లు మూసుకోలేదు, ఆ చేతినే చూస్తున్నాడు. నా ఊపిరి నాకు వినపడింది. దెబ్బ పడింది. ముగ్గురం ఒకే క్షణాన దిగాం. అంతగా కలిసి నేను ఇంకెవరితోనూ ఏ పనీ చేయలేదు, ఆఫీసులోనూ ఇంట్లోనూ.

తర్వాత అందరిలాగే చెదిరిపోయాం. కిరణ్ బెంగళూరు వెళ్లాడు. నాకు పాప పుట్టింది. బేస్ గిటార్ బీరువా మీదికి ఎక్కింది. పండక్కి ఫోన్ చేసేదాన్ని. రానురాను ఫోన్‌లో ఆయనకు ఏమీ వినపడటం లేదని ఆయన భార్యే, వదిన, తీసి మాట్లాడేది. వాళ్లు ప్రగతి నగర్‌కు మారారని ఆమె చెబితేనే తెలిసింది. వస్తానని నాలుగుసార్లు అన్నాను. నాలుగుసార్లూ అడ్డం వచ్చింది మామూలు పనే.

కిరణ్ మెసేజ్ చూసిన మర్నాడు పొద్దున్నే ప్రగతి నగర్ వెళ్లాను. చెరువు దాటాక రెండో సందు, రెండు గదుల వాటా. వదినను నేను అంతకు ముందు చూడలేదు. ఆమె కట్టిన టిఫిన్ డబ్బా మాత్రం బాగా తెలుసు. "నువ్వేనా కుడి దిక్కు నిలబడే పిల్లవి?" అంది. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. ఆయన పోయి అప్పటికే రెండు వారాలైందట.

ఆమె మాట్లాడుతుంటే ఒకటి గమనించాను. ఒక్కో మాటా విడివిడిగా, పెదాలు బాగా కదిలిస్తూ, చాలా నెమ్మదిగా అంటోంది. ఏడ్చి ఏడ్చి నీరసించి ఉంటుంది అనుకున్నాను. నేను అలా అనుకోవడం ఆమె కనిపెట్టింది.

"నీరసం గాదమ్మా. ఆఖరి రెండేండ్లు రెండు చెవులు పోయినయి. నా పెదాలు చూసి సమజ్ చేసుకునేటోడు. జోరుగ మాట్లాడితె 'జర ఉండు, జర ఉండు' అనేటోడు. లగ్గమైనప్పుడు నా నోరు ఎట్లుండె అనుకున్నవ్? బస్తీల నా అంత జోరుగ మాట్లాడెటోల్లు లేకుండిరి. ఆయన కోసమని నెమ్మది చేసుకున్న."

మంచినీళ్ల గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది.

"ఇగ ఆయన లేడు గద, ఎప్పటి లెక్క మాట్లాడొచ్చు. నిన్న మా చెల్లె గూడ అన్నది, ఎందుకు గట్ల మాట్లాడ్తవే అని. నేను చూసిన, ఒక్కదాన్నే ఉన్నప్పుడు జోరుగ మాట్లాడి చూసిన." ఆమె నా మొహం వంక, నా కళ్ల వంక చూస్తూ ఆగింది. "వస్తలేదమ్మా."

నాకు తొందరగా వెళ్లాల్సిన పనులు రెండున్నాయి. ఫోన్ బ్యాగులో పెట్టేసి, కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకున్నాను. ఆమె ఆయన్ను మొదటిసారి ఎక్కడ చూసిందో చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఒక్క సంగతి చెప్పడానికే మధ్యాహ్నమైంది.